టీబీ: పరీక్ష ఉచితం, మందులు ఉచితం. అయినా పేదల్లో ఎందుకు తగ్గట్లేదు? ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పటం_గీత

అందరికీ నమస్కారం. జిల్లా స్థాయి టీబీ ప్రణాళిక ఒకటి కాగితం మీద పెట్టాలి. అంకెలు ఇలా అనుకుందాం: జనాభా 5 లక్షలు, ఏటా లక్షకు 200 మందికి కొత్తగా జబ్బు, అంటే ఏడాదికి 1,000 మంది. చేతిలో ఉన్నవి తెమడలో టీబీ బాక్టీరియా డీఎన్‌ఏను వెతికే, నాలుగు మాడ్యూళ్ల (ఒక్కోదాంట్లో ఒక్కో పరీక్ష జరిగే అరలు) జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం ఒకటి, ఎక్స్‌రే ఒకటి, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలు 20 మంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో 1.08 కోట్ల మందికి టీబీ వస్తే, కొత్తగా గుర్తించినవాళ్లు 82 లక్షలే. మిగిలిన 26 లక్షల మందిలో ఎక్కువమంది పేద దేశాల్లో, అక్కడ కూడా అందరికన్నా అడుగున ఉన్నవాళ్లే. ఉన్న కాస్త వనరులూ ముందు దేనికి పెట్టాలి? యంత్రాలు పెంచాలా, ఇంటింటికీ తిరగాలా, తిండికీ ఖర్చులకీ సాయం చేయాలా? ఎదురుగా కూర్చోబెట్టి బిళ్ళలు మింగించే పద్ధతి ఇప్పటికీ అవసరమేనా?

---

రిజిస్టర్_పురుగు

కొనడం తర్వాత, ముందు కారుతున్న చోటు పట్టుకోండి. దానికి మూడు రిజిస్టర్లు చాలు: అనుమానితులది, ల్యాబుది, చికిత్సది. మూడింట్లోనూ ఒకే త్రైమాసికం తీసుకోండి. మొన్న ముగిసింది కాదు, దాని ముందుది. లేకపోతే ఆలస్యంగా ఎక్కిన పేర్లు తప్పిపోయినట్టు కనిపిస్తాయి. ల్యాబులో పాజిటివ్ వచ్చిన ప్రతి పేరునూ చికిత్స రిజిస్టర్లో వెతకండి. దొరకనివన్నీ విడిగా రాయండి. జబ్బు ఉందని తేలి కూడా మందు మొదలుపెట్టనివాళ్లు వీళ్లే. నెలవారీ నివేదికలో వీళ్లు ఎక్కడా కనపడరు, ఎందుకంటే అక్కడి సక్సెస్ రేటు పేరు చికిత్స రిజిస్టరులోకి ఎక్కాకే మొదలవుతుంది.

ఊహాజనితమైన అంకెలతో చూడండి. జబ్బుపడ్డవాళ్లు 1,000. ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కినవాళ్లు 700. తెమడ పరీక్ష దాకా వెళ్లినవాళ్లు 600. జబ్బు తేలింది 540 మందికి. మందు మొదలుపెట్టింది 480. పూర్తిచేసింది 415. నివేదికలో 415ను 480తో భాగిస్తారు, 86 శాతం అని మెచ్చుకుంటారు. నిజానికి జబ్బుపడ్డవాళ్లలో నయమైంది 41.5 శాతమే. ఈ మెట్లలో ఎక్కడ ఎక్కువమంది జారిపోతున్నారో అక్కడ డబ్బు పెట్టాలి. ఆ మెట్టు ఒక్కో చోట ఒక్కోటి. పక్క జిల్లా ప్రణాళికను నకలు కొడితే పని జరగదు.

పాజిటివ్ వచ్చాక మనిషి ఎందుకు దొరకడు? రాసుకున్న ఫోను నంబరు పక్కింటివాళ్లది. పేరు రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది. ఫలితం పరీక్ష రాసిన డాక్టరుకు వెళ్లింది, రోగికి వెళ్లలేదు. లేదా ఈలోపు ఆ మనిషి పని వెతుక్కుంటూ ఊరు దాటాడు. దీనికి పరిష్కారం చాలా చౌక: తెమడ తీసుకునేటప్పుడే రెండు నంబర్లు, అవి ఎవరివో, ఇంటి గుర్తు, వచ్చే నెలలో ఎక్కడ ఉంటారో రాయించడం. ఫలితం వచ్చిన రోజే ఆ ఊరి కార్యకర్తకూ సందేశం పోవాలి. మూడో రోజుకు మందు మొదలవకపోతే నాలుగో రోజు ఎవరో ఒకరు ఆ ఇంటి ముందు ఉండాలి.

మొదటి మెట్టు, అంటే ఆసుపత్రికే రానివాళ్లది, వేరే కథ. దగ్గు వస్తే చాలామంది మొదట వెళ్లేది మందుల షాపుకో, ఊళ్లో సూది వేసే మనిషి దగ్గరికో. అక్కడ సిరప్, యాంటీబయాటిక్. అది లీవోఫ్లాక్సాసిన్ లాంటిదైతే టీబీ బాక్టీరియా మీద కూడా కొంత పనిచేస్తుంది. పది రోజులు తేలిక పడినట్టుంటుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది, పైగా ఆ మందుకు లొంగని బాక్టీరియా తయారయ్యే ప్రమాదం. ఈ షాపులవాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్ల దగ్గర డబ్బాలు పెట్టి, వారానికి రెండుసార్లు బైకు మీద తెమడ తెప్పించుకోండి. మనిషి కూలి మానుకుని యాభై కిలోమీటర్లు రావడం కన్నా డబ్బా రావడం తేలిక.

---

తెమడ_డబ్బా

యంత్రం చాలట్లేదు అనే ముందు లోపలికి ఏం పోస్తున్నారో చూడాలి. ఉమ్మి పోస్తే ఎంత ఖరీదైన యంత్రమైనా నెగటివ్ అనే చెబుతుంది.

కావలసింది 3 నుంచి 5 మిల్లీలీటర్లు, చిక్కగా, లోపలినుంచి వచ్చింది. నోరు నీళ్లతో పుక్కిలించాలి. రెండుసార్లు గాఢంగా ఊపిరి పీల్చి, మూడోసారి పీల్చి గట్టిగా దగ్గి తీయాలి. ఆరుబయట, మనుషులకు దూరంగా. మరుగుదొడ్డిలోకి పంపి తీయించడం చాలాచోట్ల అలవాటు. గాలి ఆడని గది, తర్వాత వెళ్లినవాడు అదే గాలి పీలుస్తాడు. పేరు డబ్బా పక్కన రాయాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. ఇంకోటి, ఆడవాళ్లు నలుగురిలో ఖాకరించడానికి సిగ్గుపడి ఉమ్మి ఇచ్చి వెళ్లిపోతారు. చాటుగా చోటు చూపించి, ఎలా దగ్గాలో ఒక్క నిమిషం చెబితే నమూనా మారిపోతుంది.

మైక్రోస్కోపులో కనపడాలంటే మిల్లీలీటరుకు 5,000 నుంచి 10,000 బాక్టీరియా ఉండాలి. జీన్‌ఎక్స్‌పర్ట్ మొదటి రకం కార్ట్రిడ్జ్‌కు (పరీక్షకొకటి చొప్పున వాడి పారేసే డబ్బీ) 110 పైచిలుకు, తర్వాత వచ్చిన అల్ట్రా రకానికి 16 చాలు. పిల్లలు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల తెమడలో బాక్టీరియా తక్కువ కాబట్టి వాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

ల్యాబులో: తెమడ ఒక వంతు, రీఏజెంట్ రెండు వంతులు. గట్టిగా ఊపి 10 నిమిషాలు ఉంచి, మళ్లీ ఊపి ఇంకో 5 నిమిషాలు. గడ్డలు పూర్తిగా కరగాలి. తర్వాత 2 మిల్లీలీటర్లు కార్ట్రిడ్జ్‌లోకి. తొందరపడి 5 నిమిషాలకే పోస్తే చిక్కటి గడ్డ అడ్డుపడి ప్రెషర్ ఎర్రర్ వస్తుంది, కార్ట్రిడ్జ్ చెత్తబుట్టలోకి. కార్ట్రిడ్జ్‌లు 2 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి, యంత్రం ఉన్న గది 30 దాటకూడదు. ఎండాకాలంలో రేకుల కప్పు కింద పెట్టిన యంత్రం ఎర్రర్లు చూపిస్తే తప్పు యంత్రానిది కాదు. కరెంటు మధ్యలో పోతే ఆ పరీక్ష పోయినట్టే, కాబట్టి పరీక్ష పూర్తయ్యేదాకా, అంటే రెండు గంటలు ఆగే బ్యాటరీ ఉండి తీరాలి. ఫ్యాన్ ఫిల్టరు దుమ్ము దులపడం ఎవరి పనో గోడ మీద పేరు రాసి పెట్టండి. ఎవరి పేరూ లేకపోతే ఎవరూ దులపరు.

మీ యంత్రం సత్తా లెక్క: మాడ్యూలుకు రోజుకు 4 పరీక్షలు, నాలుగు మాడ్యూళ్లకు 16. ఏడాదికి 250 పనిదినాలు, 4,000. ఎర్రర్లు 5 శాతం తీసేస్తే 3,800. పరీక్షించిన పదిమందిలో ఒకరికి పాజిటివ్ వస్తుందనుకుంటే 1,000 మందిని పట్టుకోవడానికి 10,000 పరీక్షలు కావాలి. లోటు ఎంతో మీకే తెలుస్తుంది.

ఇంకో తప్పు కూడా బాగా జరుగుతుంది. చికిత్స మధ్యలో నయమవుతోందా అని మళ్లీ జీన్‌ఎక్స్‌పర్ట్ చేస్తారు. చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ కూడా పాజిటివ్ ఇస్తుంది. రోగి హడలిపోతాడు, కార్ట్రిడ్జ్ దండగ. చికిత్స సాగుతున్నప్పుడు చూడాల్సింది మైక్రోస్కోపు, కల్చర్ (ల్యాబులో బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష).

---

పటం_గీత

లెక్క చూస్తే గుండె జారింది. నాలుగు తెమడలు కలిపి ఒకే కార్ట్రిడ్జ్‌లో వేసే పద్ధతి గురించి విన్నాను, దాంతో గట్టెక్కుతామా? ఇంటింటికీ తిరిగి రెండు వారాల దగ్గు ఉన్నవాళ్లనే పరీక్షిస్తే సరిపోతుందా?

---

నీడల_పలక

రెండో ప్రశ్నకు ముందు: సరిపోదు. పలు దేశాల్లో జరిగిన సర్వేల్లో, తెమడలో బాక్టీరియా ఉన్నట్టు తేలినవాళ్లలో దాదాపు సగం మందికి అలాంటి దగ్గే లేదు. "దగ్గుందా?" అని గుమ్మంలో అడిగి లేదంటే వెళ్లిపోవడం సగం మందిని వదిలేయడమే. పైగా పొగతాగేవాడికి, గనిలో పనిచేసేవాడికి దగ్గు ఒక లెక్కలోది కాదు, లేదనే చెబుతాడు.

అలాగని అందరికీ నేరుగా జీన్‌ఎక్స్‌పర్ట్ చేస్తే ఇంకో చిక్కు. 10,000 మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు 50 మంది అనుకోండి. జబ్బు లేనివాళ్లలో 98 శాతం మందికి సరిగ్గా నెగటివ్ చెప్పే పరీక్ష కూడా మిగిలిన 9,950 మందిలో 199 మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అసలు రోగులకు నాలుగింతలు. అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే, దాంట్లో తేడా కనపడినవాళ్లకే తెమడ పరీక్ష. చేత్తో మోసుకెళ్లే బ్యాటరీ ఎక్స్‌రేలు ఇప్పుడున్నాయి. 15 ఏళ్లు, ఆపై వయసువాళ్ల ఎక్స్‌రేలను కంప్యూటరు చదివి మార్కులు వేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. ఎన్ని మార్కులు దాటితే తెమడ తీయాలన్న గీత మాత్రం కంపెనీ ఇచ్చింది గుడ్డిగా వాడొద్దు. పాత టీబీ మచ్చలు ఎక్కువున్న చోట ఆ గీత దగ్గర జనం కుప్పలుగా పడతారు. మొదట కొన్ని వందల మందికి మార్కులతో పనిలేకుండా అందరికీ తెమడ కూడా తీసి, ఆ ఫలితాలు చూసి మీ గీత మీరు గీసుకోండి.

యంత్రాలు సరిపడా ఉంటే ఏం సాధించవచ్చో వియత్నాంలో కా మౌ ప్రాంతంలో చూపించారు. లక్షణాలతో పనిలేకుండా పెద్దవాళ్లందరినీ ఏడాదికోసారి చొప్పున మూడేళ్లు పరీక్షించారు. నాలుగో ఏడాది చూస్తే, మామూలు సేవలున్న ప్రాంతాలకన్నా అక్కడ జబ్బు 44 శాతం తక్కువ. ఒక్కసారి శిబిరం పెట్టి ఫోటో దిగి వచ్చేస్తే ఈ ఫలితం రాదు. ఏటా చేశారు, అదీ అందరికీ.

5 లక్షల మందికి అది మీ వల్ల కాదు. కాబట్టి జబ్బు ఎక్కువుండే చోట్లు ఎంచుకోండి: జైళ్లు, గనులు, రాళ్లు కొట్టే చోట్లు, ఇరుకు బస్తీలు, టీబీ రోగుల ఇళ్లు, షుగరు, హెచ్‌ఐవీ క్లినిక్కులు. ఇంటింటికీ మధ్యాహ్నం తిరిగితే దొరికేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. జబ్బు మగవాళ్లలో ఎక్కువ, నమోదు కాకుండా మిగిలిపోయేదీ వాళ్లే ఎక్కువ. తెల్లవారుజామున కూలీల అడ్డా దగ్గరో, రాత్రి పూటో వెళ్లాలి.

కలిపి చేయడం గురించి: నాలుగు తెమడలు కలిపి, నెగటివ్ వస్తే నలుగురినీ వదిలేసి, పాజిటివ్ వస్తే విడివిడిగా చేస్తారు. నూటికి ముగ్గురు పాజిటివ్ వచ్చే చోట మనిషికి సగటున 0.36 కార్ట్రిడ్జ్ పడుతుంది, చాలా మిగులు. నూటికి పదిమంది వచ్చే చోట 0.59. పదిహేను మంది వస్తే 0.73, శ్రమకు తగ్గ ఫలితం లేదు. అంటే శిబిరాల్లో పనికొస్తుంది, ఆసుపత్రిలో దగ్గుతూ వచ్చినవాళ్లకు వద్దు. బాక్టీరియా తక్కువున్న తెమడ కలిపాక పలచబడి తప్పిపోతుందన్న నష్టం ఉంది కాబట్టి పిల్లలవీ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లవీ కలపకండి. అసలు తెమడ కొంత విడిగా దాచడం మరిస్తే నలుగురినీ మళ్లీ పిలవాలి, అందులో ఇద్దరు రారు.

అల్ట్రాలో "ట్రేస్" (అతి కొద్దిగా ఆనవాలు) అని వస్తే: పిల్లలకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు జబ్బు ఉన్నట్టే లెక్క. మిగతా పెద్దవాళ్లకు, ముఖ్యంగా గత అయిదేళ్లలో టీబీ మందులు వాడినవాళ్లకు, కొత్త నమూనాతో మళ్లీ చేసి, ఎక్స్‌రే చూసి తేల్చాలి. ట్రేస్‌లో ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు బాక్టీరియా లొంగుతుందో లేదో తెలియదు, దాన్ని "మందుకు లొంగుతుంది" అని రాసేయకండి.

---

తూకం

పైవాళ్లు వెతకడం గురించి చెప్పారు. దొరికినవాళ్లు ఎందుకు జారిపోతారో అన్నానికీ కూలికీ సంబంధించిన సంగతి.

టీబీ వల్ల ఇంటి ఏడాది ఆదాయంలో 20 శాతం దాటి పోతే దాన్ని కుటుంబాన్ని కుదేలు చేసే ఖర్చుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. టీబీ వచ్చిన ఇళ్లలో దాదాపు సగం ఆ గీత దాటుతున్నాయి, మందు ఉచితమైనా సరే. బస్సు, తిండి, జబ్బు తేలేలోపు అనవసరంగా చేయించుకున్న పరీక్షలు, అన్నిటికన్నా ఎక్కువగా పోయిన కూలి. వీటిలో పెద్ద భాగం మందు మొదలవకముందూ, మొదలైన మొదటి రెండు నెలల్లోనూ పడుతుంది. సాయం మాత్రం కాగితాలు తిరిగి తిరిగి ఆరో నెలకు చేరుతుంది. అప్పటికే మేకలు అమ్మేసి ఉంటారు. నమోదైన వారంలో సగం ఇవ్వలేని పథకం చికిత్సకు సాయపడదు. బ్యాంకు ఖాతా లేనివాళ్లకు, వలస కూలీలకు చేతికే ఇచ్చే దారి ముందే పెట్టుకోవాలి, సాయం అందకుండా పోయేది సరిగ్గా వాళ్లకే.

తిండి సంగతి ఇప్పుడు అంచనా కాదు. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో రేషన్స్ అన్న పరిశోధన చేశారు, ఫలితాలు 2023లో వచ్చాయి. రోగికి ఇచ్చే తిండికి తోడు ఇంట్లోవాళ్లకు కూడా నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చారు. రోగికి మాత్రమే తిండి ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే, ఇంట్లోవాళ్లకు టీబీ రావడం 39 శాతం తగ్గింది. తెమడలో బాక్టీరియా కనిపించే రకమైతే 48 శాతం. సగం పొట్టతో ఉన్న ఒంట్లో రోగనిరోధక శక్తి నిలబడదు, కారణం అంతే. రోగికి ఒక్కడికే పొట్లం ఇస్తే దాన్ని పిల్లలకు పెట్టి తను పస్తుంటాడు, కాబట్టి ఇంటి మొత్తానికీ లెక్కకట్టాలి.

అదే పరిశోధనలో, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో మరణాలు బాగా తగ్గాయి. అందుకే ప్రతి సందర్శనలో కాటా. 40 కిలోల మనిషి రెండు నెలలకు 42 రావాలి. రాకపోతే తిండి అందట్లేదా, షుగరు ఉందా, తాగుతున్నాడా, మందుకు లొంగని రకమా, వెతకాలి. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు: బిళ్ళల సంఖ్య బరువును బట్టి. బరువు పెరిగి పై గీత దాటితే బిళ్ళ పెంచాలి. మొదటి రోజు రాసిన మోతాదే ఆరు నెలలూ లాగించేస్తే చివరి నెలల్లో మందు తక్కువ పడుతుంది.

ఎదురుగా మింగించడం మీద నా మాట కటువుగా ఉంటుంది: రోజూ కేంద్రానికి రమ్మంటే రోజుకో కూలి పోగొట్టినట్టే. ఎదుట మింగించినా, మనిషి తనంతట మింగినా నయమవడంలో పెద్ద తేడా లేదని పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. బిళ్ళలు ఇంటికి ఇవ్వండి, వారానికోసారి ఫోను చేయండి. అడగాల్సింది "మింగావా?" అని కాదు, "వాంతులున్నాయా, ఒంటేలు ముదురు రంగా, కళ్లు పచ్చబడ్డాయా, చూపు మసకేసిందా?" అని. మందు ఆపేవాళ్లలో చాలామందికి బద్ధకం కాదు, వాంతి.

---

రిజిస్టర్_పురుగు

తూకం గారూ, చాలావరకు ఒప్పుకుంటాను గానీ ఒక్క మినహాయింపు. ఒంటరిగా ఉండేవాళ్లు, తాగుడు అలవాటున్నవాళ్లు, మందుకు లొంగని టీబీ ఉన్నవాళ్లకు రోజూ ఎవరో ఒకరు కనిపించాలి. వీడియో కాల్ అయినా సరే, పక్కింటివాళ్లయినా సరే. అందర్నీ ఒకే గాటన కట్టడం రెండు వైపులా తప్పే.

---

కిటికీ

ఇంట్లోవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. రోగి ఒకరు దొరికితే ఇంటిల్లిపాదికీ వారంలోపు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అడగాలి, కుదిరితే ఎక్స్‌రే. జబ్బు లేదని నిర్ధారించాకే నివారణ మందు. జబ్బున్నవాడికి నివారణ మందొక్కటే ఇస్తే దానికి లొంగని బాక్టీరియాను చేతులారా పెంచినట్టే.

అయిదేళ్లలోపు పిల్లలకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ బాక్టీరియా ఒంట్లో చేరిందా అని చూసే చర్మపరీక్ష దొరకలేదని నివారణ మందు ఆపకండి. పెద్దవాళ్లకు తేలికైనది వారానికోసారి చొప్పున 12 వారాల కోర్సు: ఐసోనియాజిడ్ 900, రిఫాపెంటిన్ 900 మిల్లీగ్రాములు. రెండూ కలిసిన బిళ్ళలైతే 3. విడివిడిగా అయితే 9, ఆ గుప్పెడు చూసి సగం మంది వెనక్కిస్తారు, అందుకే కలిపిన బిళ్ళే తెప్పించండి. ఒంటేలు నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే రక్తం అనుకుని మానేస్తారు. గర్భనిరోధక బిళ్ళలు వాడే ఆడవాళ్లకు అవి సరిగ్గా పనిచేయవని చెప్పడం మర్చిపోకండి. గర్భిణులకు ఈ కోర్సు వద్దు. హెచ్‌ఐవీ ఉండి దాని మందు డొలుటెగ్రావిర్ వాడేవాళ్లకు ఈ కోర్సుతో మోతాదు మార్చనక్కర్లేదు. టీబీ చికిత్సలో రోజూ రిఫాంపిసిన్ వేసుకునేటప్పుడైతే డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు.

"ఇంట్లో ఉంచుకుంటే అందరికీ అంటదా" అని రోగిని పశువుల పాకలో పడుకోబెట్టే ఇళ్లున్నాయి. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఈ సంగతి ఎప్పుడో తేల్చింది. శానటోరియంలో (టీబీ రోగులను ఉంచే ఆసుపత్రిలో) ఉంచినా ఇంట్లో ఉంచి మందిచ్చినా నయమవడం ఒకలాగే ఉంది, ఇంట్లోవాళ్లకు అదనంగా అంటిందీ లేదు. ఎక్కువగా అంటేది మందు మొదలవకముందు. ఆ భయం పోగొట్టకపోతే తర్వాతి రోగి జబ్బు దాచుకుంటాడు.

ఆఖరుగా మీ క్లినిక్కే. దగ్గేవాళ్లూ, బాలింతలూ ఒకే వరండాలో గంటలు కూర్చునే చోటు. పెరూలో, లిమా ఆసుపత్రుల్లో కొలిస్తే, కిటికీలూ తలుపులూ తెరిచిన గదుల్లో గాలి గంటకు సగటున 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి ఆడించే గదులకు చెప్పే లెక్క 12. ఎత్తు కప్పు, ఎదురెదురు కిటికీలున్న పాత భవనాలు కొత్తవాటికన్నా మెరుగ్గా తేలాయి. ఖర్చు లేని పరీక్ష ఒకటుంది: అగరువత్తి వెలిగించి రోగి కూర్చునే చోట పట్టుకోండి. పొగ కిటికీ వైపు పోతే సరే. అక్కడే సుడి తిరిగినా, డాక్టరు కుర్చీ వైపు వచ్చినా ముందు కుర్చీలు మార్చండి. గాలి వచ్చే వైపు సిబ్బంది, పోయే వైపు రోగి. చలికాలం కూడా ఈ పరీక్ష ఒకసారి చేయండి, అప్పుడు కిటికీలు ఎవరో ఒకరు మూసేసి ఉంటారు.